మూడు మూరల టేపు

మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ఇంజనీరు ఒకాయన ఫోన్ తీసి, ఒక విదేశీ రాక్ గాయకుడి ఆల్బమ్‌లకు ఎవరో ఇచ్చిన నక్షత్రాలు చూపించాడు. అన్నిటికంటే అడుగున, ఐదింటికి ఒకే ఒక్క నక్షత్రంతో, నాకు బాగా తెలిసిన గులాబీ రంగు అట్ట ఒకటి ఉంది. "చెత్త కదండీ ఇది? మీరు అప్పట్లోనే అనేవారట" అన్నాడు, నన్ను మెచ్చుకుంటున్నాననుకుని. నాకు ఒళ్ళు మండిపోయింది. పులిహోర కలుపుతున్న చెయ్యి ఆపి, "ఎన్నిసార్లు విన్నావయ్యా దాన్ని?" అని అడిగాను. ఒక్కసారి కూడా వినలేదట. నక్షత్రాలు చూసి పక్కన పెట్టేశాడట.

పెళ్ళిలో గొడవెందుకని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఆ కోపం అతని మీద కాదు. ఆ ఆల్బమ్ చెత్త అని పలాస, కాశీబుగ్గ, టెక్కలి మొత్తం మీద మొట్టమొదట నోరు పారేసుకున్నవాణ్ణి నేనే. పాటల మీద అభిప్రాయాలు ఉండకూడదని నేననను. నాకున్నన్ని అభిప్రాయాలు ఈ జిల్లాలో ఇంకెవరికీ ఉండవు. కానీ ఒక అభిప్రాయాన్ని చేతిలో పట్టుకుని నేను ఒకసారి ఏం చేశానో మీకు చెప్పాలి. చెప్పకుండా పోతే మీరు కూడా అదే చేస్తారు.

మా పనేమిటో మీలో చాలామందికి తెలియదు. పలాస స్టేషన్ నుంచి కాశీబుగ్గకి వెళ్ళే రోడ్డులో ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. అందులో పదమూడేళ్ళు పనిచేశాను. షాపు నాది కాదు, ఒక జీడిపప్పు వ్యాపారిది. ఆయనకి పాటంటే ఏమిటో తెలియదు, దుకాణం ఎప్పుడూ మోగుతూ ఉండాలని మాత్రం తెలుసు. నేను రోజూ టెక్కలి నుంచి పొద్దున్న బస్సులో వచ్చి షట్టర్ ఎత్తేవాణ్ణి. అంతకుముందు విశాఖలో హార్బరు దగ్గర ఇలాంటి షాపులోనే చేశాను. ఓడల మీద వచ్చే విదేశీ నావికులు అక్కడ తమ క్యాసెట్లు అమ్ముకుని పోయేవారు. రాక్ సంగీతం నాకు అక్కడ అంటుకుంది. జనానికి సినిమా పాటలు నింపి ఇస్తూ, నేను మాత్రం అవి వింటూ బతికాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు కావలసిన పాటలు ఒక కాగితం మీద రాసి ఇచ్చేవారు. మేం వాటిని ఖాళీ క్యాసెట్‌లో నింపేవాళ్ళం. అరగంట ఒక వైపు, అరగంట ఇంకో వైపు. అడిగిన పాటలన్నీ అయ్యాక ఏ వైపైనా చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలిపోయేది. దాన్ని ఖాళీగా వదిలేస్తే మా వృత్తిలో నామోషీ. అందులో మాకు నచ్చిన పాట ఒకటి వేసి ఇచ్చేవాళ్ళం. దాన్ని కొసరు అనేవాళ్ళం. వంకాయలు తూచాక బుట్టలోంచి ఇంకో కాయ వేస్తారు చూడండి, అలాగన్నమాట. మిగతా షాపుల్లో కొసరుగా ఏదో ఒక హుషారు పాట పడేసేవారు. నేను మాత్రం ఆ రెండు నిమిషాలతో మా ఉద్దానం ప్రాంతం ప్రజలందరికీ సంగీత జ్ఞానం కలిగించాలని కంకణం కట్టుకున్నాను. భక్తి పాటల చివర ఎలక్ట్రిక్ గిటారు మోగేసరికి నన్ను తిట్టుకుంటూ వెనక్కి వచ్చిన పెద్దవాళ్ళు ఎంతమందో.

ఇక్కడ గాయకుల పేర్లు రాయను. మా షాపులో కూడా పేర్లు ఎవరూ పలికేవారు కాదు. ఇంగ్లీషులో ఏం రాసుందో ఎవడికి పట్టింది, అట్ట మీద బొమ్మే ఆల్బమ్ పేరు. 'గుడ్లగూబ అట్ట' అని ఒక ఐదుగురి బృందం ఉండేది. గిటారు బాగా వాయించేవారు, కాదనను. కానీ ఒక్కో పాట పావుగంట. మా ప్యాసింజరు రైలు కూడా అవుటర్ సిగ్నల్ దగ్గర అంతసేపు ఆగదు. నలభై నిమిషాల ఆల్బమ్‌కి మూడు పాటలా? అదేమంటే లోతు అనేవారు, ఇంగ్లీషు పేపర్లు చదివే కాలేజీ లెక్చరర్లు. లోతు కాదు, సాగదీత. 'వెండి బూట్లామె' అని ఒక పాప్ గాయని. గొంతు చిన్నది, తెలివి పెద్దది. ఆల్బమ్‌లో రెండు పాటలకి ప్రాణం పెట్టి, మిగతా ఎనిమిదింటినీ ఆ రెంటి వెనక నెట్టుకొచ్చేది. ఆ రెండు మాత్రం ఎవరూ తీసిపారేయలేరు. ఆమెని డాన్సులు చేసే మనిషని తేలిగ్గా మాట్లాడిన మగవాళ్ళు చాలామందితో నేను గొడవపడ్డాను.

అందరికంటే పైన నా బొంగురాయన ఉండేవాడు. ఆయనకి ఆ పేరు నేనే పెట్టాను. ఆయన మొదటి ఆల్బమ్‌ని మేం 'బొగ్గు అట్ట' అనేవాళ్ళం, నల్లటి అట్ట మీద మసి పూసిన చెయ్యి ఒకటి ఉండేది. ముగ్గురే వాయిద్యగాళ్ళు. ఒక పాత డ్రమ్ము. ఆయన గొంతు వింటే ఆకలితో ఉన్నవాడు అన్నం అడుగుతున్నట్టుండేది, బతిమాలడం కాదు, నిలదీయడం. నాకు మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయినా ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలూ నాకు కంఠతా వచ్చు.

అలాంటి మనిషి డబ్బు చేశాక గులాబీ అట్ట తెచ్చాడు. తెల్ల కోటు వేసుకుని ఈత కొలను పక్కన కుర్చీలో జారగిలబడి ఉన్నాడు ఆ బొమ్మలో. డ్రమ్ములు వాయించేది మనిషి కాదు, మిషను. వెనక నలుగురమ్మాయిలు ఊ కొట్టడం. ఆ గరుకు గొంతుకి నూనె రాసి దువ్వినట్టు చేశారు. మొదటిసారి విన్నప్పుడు నన్నెవరో మోసం చేసినంత బాధ కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ తర్వాత ఎవరైనా గులాబీ అట్ట అడిగితే, షాపులో లేదని మొహం మీదే చెప్పేవాణ్ణి. నిజంగానే లేదు. తెప్పించనివ్వలేదు. యజమాని అడిగితే, అమ్ముడుపోదని అబద్ధం చెప్పాను.

షాపులో నాతోపాటు ఇంకొకాయన ఉండేవాడు, టేప్‌రికార్డర్లు బాగుచేసే మెకానిక్. ఇచ్ఛాపురం వైపు మనిషి. ఇంట్లో ఒడియా, షాపులో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. ఆయనకి ఏ పాటైనా బాగుండేది. గుడ్లగూబ అట్టా బాగుండేది, భజనలూ బాగుండేవి, ఎన్నికల ప్రచారం పాటలూ బాగుండేవి. నాకు అది చిరాకు.

"నీకు రుచంటూ ఏటీ లేదా బావా?" అనేవాణ్ణి.

"ఇనీవోడికి నచ్చింది గదా, మరి నాకేటి నొప్పి?" అనేవాడు, సోల్డరింగ్ పొగ ఊదుకుంటూ.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. సీడీలు వచ్చేశాయి గానీ ఉద్దానం పల్లెల్లో ఇంకా క్యాసెట్లదే రాజ్యం. ఒకరోజు పది గంటల వేళ ఒకామె షాపు మెట్ల దగ్గర ఖాళీ చేపల గంప దించి లోపలికి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె ఆమెది. మొదటి బస్సుకి చేపలు తెచ్చి, కాశీబుగ్గ మార్కెట్లో అమ్ముకుని తిరిగి వెళ్ళేది. కొంగు ముడి విప్పి ఒక క్యాసెట్ తీసి కౌంటర్ మీద పెట్టింది. దాంట్లోంచి టేపు కొంత బయటికొచ్చి నలిగి వేలాడుతోంది.

"బావూ, మిసను నమిలేసినాది. అతికి ఇత్తావేటి?"

"ఏం పాటలమ్మా?"

"ఆ పాటలేటో నాకు తెలవ్వు. మాయి కాదు, ఇంగిలీసువి. నలిగినకాడ అతికేసి, ఉన్నది ఉన్నట్టు ఇచ్చీ. మూడ్రోజులకి మళ్ళీ వత్తాను."

ఉన్నది ఉన్నట్టు. అంతకంటే స్పష్టంగా ఏ మనిషైనా ఏం చెప్పగలడు?

ఆమె వెళ్ళాక క్యాసెట్ మరలు విప్పాను. మొదటి వైపు రెండో పాట దగ్గర టేపు నలిగి ముద్దయింది. నలిగిన మేరకు కత్తిరించి, అటూ ఇటూ చివరలు కలిపి సన్నటి అంటుపట్టీ వేశాను. కత్తిరించిన ముక్క మూడు మూరలుంటుంది. దాన్ని బల్ల కింద ఉన్న బిస్కెట్ల డబ్బాలో పడేశాను. పాడైన టేపు ముక్కలన్నీ అందులోనే పడేసేవాళ్ళం. చేలల్లో పిట్టలు వాలకుండా కట్టుకోవడానికని రైతులు వచ్చి పట్టుకెళ్ళేవారు.

తర్వాత అతుకు సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని మొదటినుంచి పెట్టాను. రెండు క్షణాల్లో గుర్తుపట్టాను. గులాబీ అట్ట!

చేపలమ్ముకునే మనిషి ఇంట్లో ఈ దరిద్రమా అని నాకు ఆశ్చర్యమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. దానికి తోడు ఆ కాపీ ఎంత ఘోరంగా ఉందో చెప్పలేను. వైరు పెట్టి చేసింది కాదు. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి పాడుతుంటే ఇంకోదాంట్లో పట్టారు. పాట ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. గిన్నె ఏదో కింద పడింది. కోడి అరిచింది. ఎవరో మగమనిషి దగ్గాడు. మా వృత్తిలో అలాంటి కాపీని వేలితో కూడా ముట్టుకోం. నిమిషం విని ఆపేశాను. పనికిరాని ఆల్బమ్‌కి పనికిరాని కాపీ అనుకున్నాను.

అప్పుడే నా బుర్రలో ఆ గొప్ప ఆలోచన పుట్టింది. ఈ అమాయకురాలికి అసలు బొంగురాయన అంటే ఎవరో వినిపిద్దాం. ఈ చెత్త తుడిచేసి, దీని మీదే బొగ్గు అట్ట నింపి ఇద్దాం. పైసా తీసుకోవద్దు. మొత్తం క్యాసెట్టే కొసరు.

క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే ఇక దాని మీద ఏ మిషనూ కొత్తగా రికార్డు చేయదు. ఆ క్యాసెట్‌కి రెండు రెక్కలూ విరిచి ఉన్నాయి. ఆ బొక్కల మీద కాగితం అంటించి మిషన్లో పెడుతుంటే మెకానిక్ చూశాడు.

"రెక్కలిరిసున్నాయి బావా. ఎవులో కావాలనే ఇరిసినారు. అడక్కుండా ముట్టకు."

"ఈ చెత్తకి కాపలా కూడానా?" అన్నాను.

"సెత్తో కాదో ఆల టేపు. మన్దేటి పోనాది?"

వినలేదు. ఎందుకు వింటాను, రుచిలేని మనిషి మాట! రెండు వైపులా బొగ్గు అట్ట ఎక్కించాను. చివర మిగిలిన టేపంతా ఆ గాయకుడివే ఇంకొన్ని పాత పాటలతో నింపేశాను. నా చేత్తో నేను చేసిన కాపీల్లో అంత శుభ్రమైనది ఇంకోటి లేదు. మూడో రోజు ఆమె వచ్చి అతికినందుకు ఇవ్వవలసింది ఇచ్చింది. అందులో నీకో బహుమానం ఉందమ్మా, ఇంటికెళ్ళి విను అని నవ్వుతూ చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. తలూపి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను బస్సు దిగేసరికే ఆమె షట్టర్ ముందు నిలబడి ఉంది. గంప లేదు. ఆ రోజు చేపలకి వెళ్ళలేదు, దీనికోసమే వచ్చింది. నేను తాళం తీయగానే లోపలికి వచ్చి క్యాసెట్ కౌంటర్ మీద పెట్టింది.

"పాట బాగున్నాది బావూ. మా ఆయనేడీ?"

నాకు ఏం అర్థం కాలేదు. ఏమైందమ్మా అన్నాను. ఆమె గొంతు పెంచకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త ఏటా వేటకి గుజరాత్ వెళ్ళేవాడు. అక్కడ బోటులో తోటివాడి దగ్గర ఈ పాటలు విని ఇష్టపడ్డాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇష్టపడ్డాడు. ఇంటికొచ్చాక ఆ తోటివాడి దగ్గర క్యాసెట్టూ మిషనూ అడిగి తెచ్చుకుని, తన మిషన్‌కి ఎదురుగా పెట్టి, ఇంటి అరుగు మీద కూర్చుని పట్టుకున్నాడు. అతను పోయి రెండేళ్ళు. మా వైపు ఆ వయసు మగవాడు పోయాడంటే ఎలా పోయాడని ఎవరూ పెద్దగా అడగరు. సముద్రమా, కిడ్నీలా అని అడుగుతారు. అతనిది రెండోది.

"పొటో ఉన్నాది. పొటో మాటాడదు గదా. దీంట్లో మాటాడతాడు. మొదటి పాటకాడ దగ్గుతాడు. రెండో పాటకాడ మమ్మల్ని కేకలేత్తాడు. బీడీ ఎలిగించుకుంటే అగ్గిపుల్ల గీసినట్టు కూడా ఇనబడతాది. ఆ పాటగాడితో కూడా పాడతాడు, మాటలు రావు గానీ పాడతాడు. ఆఖర్న..." అని ఆగిపోయింది.

నేను క్షమించమనబోయాను. అప్పుడు ఆమెకి కోపం వచ్చింది.

"నాను నిన్ను అడిగినానా? ఉన్నది ఉన్నట్టు ఇమ్మన్నాను గదా. ఆ పాట నీకు నచ్చకపోతే నువ్వు ఇనకు. నా ఇంట్లో టేపు నువ్వెందుకు సెరిపీసినావు? ఎవులు సెప్పేరు నీకు?"

అప్పటికి యజమాని వచ్చాడు. సంగతి విని, "దాందేటుంది, మంచి సినిమా పాటలది కొత్త క్యాసెట్ ఒకటి ఇచ్చి పంపించెయ్" అన్నాడు, గుడ్డు పగిలితే ఇంకో గుడ్డు ఇచ్చేసినంత సులువుగా.

"కొత్తది నాకెందుకు బావూ? అందులో ఆయనుంటాడేటి?" అని ఆమె యజమానినే అడిగింది. ఆయన గోదాములో పని ఉందని వెళ్ళిపోయాడు. అంత బలిసిన మనిషి అంత తొందరగా మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆయన్ని ఏమనగలను? ఆయన తుడవలేదు కదా. తుడిచింది నేను, నలభై ఏడేళ్ళు నెత్తి మీదికొచ్చిన సంగీత పండితుణ్ణి.

మెకానిక్ బల్ల కిందికి వంగి బిస్కెట్ల డబ్బా బయటికి లాగాడు.

"నువ్వు కోసి పారేసిన ముక్కుంటాది గదా బావా. దాని మీద నువ్వు ఏటీ ఎక్కించలేదు."

కాళ్ళ కింద నేల తిరిగి దొరికినట్టయింది. కానీ డబ్బాలో సగం ఖాళీ. ముందురోజే నిమ్మాడ రైతొకాయన వచ్చి పిట్టల కోసం టేపు పట్టుకెళ్ళాడట. పొడుగువే ఏరుకున్నాడు, పొట్టివి వదిలేశాడు అన్నాడు మెకానిక్. మూడు మూరల ముక్క ఎవరికి పనికొస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమెతో, వారం తర్వాత రామ్మా అన్నాను. దొరుకుతుందని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె నా వైపు చూడకుండా మెకానిక్ వైపు చూసి, "నువ్వు సూడు బావూ" అని చెప్పి వెళ్ళింది.

డబ్బాలో ఎనభై దాకా ముక్కలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఆమె క్యాసెట్‌ది చవకరకం టేపు, కొంచెం ఎర్రగా ఉంటుంది. ఆ రంగువి ఏరితే పదకొండు మిగిలాయి. వాటిని ఒక్కొక్కటీ వేళ్ళతో సాపు చేసి, ఖాళీ క్యాసెట్‌లో అతికించి విన్నాం. గిరాకీలు వస్తుంటే మెకానిక్ వాళ్ళని రేపు రమ్మని పంపేశాడు. తొమ్మిదో ముక్కలో మిషన్ డ్రమ్ములు వినబడ్డాయి. అంతవరకు నాకు అసహ్యమైన ఆ చప్పుడు విని నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అరనిమిషం. బొంగురాయన ఎక్కడో దూరంగా పాడుతున్నాడు. గిన్నెల చప్పుడు. వెంటనే చాలా దగ్గరగా, మైకు పక్కనే, ఒక మగగొంతు కసురుతోంది.

"సప్పుడు సెయ్యకండే! రికాడింగవుతుంటే మాటాడతారేటి? పాట పాడయిపోదేటి?"

ఆ తర్వాత అతను పల్లవి అందుకున్నాడు. మాటలు లేవు, కూనిరాగం. మెకానిక్, నేనూ మొహాలు చూసుకున్నాం. పాట పాడవుతుందని అతనికీ నాలాగే బెంగ. పాట శుభ్రంగా రావాలని తన ఇంట్లో మనుషుల్ని తనే కసిరాడు. నాకన్నా నయం, కసిరి ఊరుకున్నాడు.

ముక్క దొరికింది, కానీ ఆ అరనిమిషం ఒక్కటే ఇస్తే చేతిలో పెట్టినట్టుండదనిపించింది. అది ఉండవలసిన చోట ఉండాలి. అంటే నాకిప్పుడు గులాబీ అట్ట కావాలి! పలాసలో లేదు, నా పుణ్యమే. టెక్కలిలో లేదు. చివరికి సెలవు పెట్టి రైలెక్కి బరంపురం వెళ్ళి, రెండు బజార్లు తిరిగి పట్టుకొచ్చాను. కొట్టువాడు దాన్ని నా చేతికిస్తూ, ఆయన ఆల్బమ్‌లలో ఇంకా మంచివున్నాయి, ఇది వద్దండీ అని సలహా ఇచ్చాడు. వాణ్ణి చొక్కా పట్టుకుని కొట్టాలనిపించింది. మొన్నమొన్నటిదాకా నేనూ సరిగ్గా అలాగే ఉండేవాణ్ణి.

అరనిమిషం ఎక్కడ అతుకుతుందో తెలుసుకోవడానికి ఆ ఆల్బమ్ పదిసార్లకు పైగా వినవలసి వచ్చింది. నేను అభిప్రాయం మార్చుకున్నానని మీరు ఎదురుచూస్తుంటే, లేదు. మిషన్ డ్రమ్ములు మిషన్ డ్రమ్ములే. ఆ నలుగురమ్మాయిల ఊకొట్టుడు ఇప్పటికీ నాకు వెగటే. కానీ రెండో పాటలో పల్లవి మూడోసారి తిరిగేచోట, ఆయన గొంతు ఒక్క క్షణం పాత గొంతయిపోతుంది. నూనె చెరిగి గరుకు బయటపడుతుంది. ఇన్నేళ్ళూ నేనది వినలేదు. ఎందుకంటే ఏనాడూ అక్కడిదాకా వెళ్ళలేదు, మొదటి పాటకే తీర్పు చెప్పేశాను. ఆమె భర్త గొంతు కలిపింది సరిగ్గా అక్కడే. ఇంగ్లీషు రాని మనిషి, గుజరాత్ బోటు మీద వలలు లాగుతూ విన్న మనిషి, నాకు దొరకనిది దొరకబుచ్చుకున్నాడు. నా సంగీత జ్ఞానం మీద నాకు వచ్చిన అసహ్యం అంతా ఇంతా కాదు.

కొత్త క్యాసెట్‌లో రెండు వైపులా గులాబీ అట్ట నింపి, రెండో పాటలో మూడు మూరలు కోసి, ఆ చోట అతని ముక్క అతికించాను. పాట స్పష్టంగా నడుస్తూ నడుస్తూ, ఒక్కసారి దూరంగా జరిగి, గరగరమని, అతను కసిరి, పాడి, మళ్ళీ స్పష్టమైపోతుంది. నా చేత్తో చేసిన కాపీల్లో అంత అతుకుల కాపీ ఇంకోటి లేదు.

వారానికి ఆమె వచ్చింది. గంప మెట్ల మీద పెట్టి కౌంటర్ ముందు బల్ల మీద కూర్చుంది. నేను పెట్టాను. మొదటి పాటంతా ఆమె కదలలేదు. దగ్గు లేదు కదా. రెండో పాటలో గరగర మొదలవగానే తల పైకెత్తింది. "సప్పుడు సెయ్యకండే" అని అతను కసరగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఎయ్యి అంది. వేశాను. అలా ఆరుసార్లు. మెకానిక్ పని చేస్తున్నట్టు నటిస్తూ తల వంచుకునే ఉన్నాడు.

"ఆఖర్న కూడా ఎయ్యి" అంది.

"ఆఖర్న ఏమీ లేదమ్మా. దొరికింది ఈ ముక్కొక్కటే" అన్నాను.

"రెండో పక్క ఆఖర్న. తిప్పీసి ఎయ్యి. నాను రోజూ ఇనీదాన్ని గదా, నాకు తెలుసు."

ఏముంటుంది, బరంపురం క్యాసెట్ కాపీయే కదా అనుకుంటూ తిప్పాను. వేలు మీట మీద ఉండగానే ఆగిపోయాను. టేపు వెడల్పులో సగం ఒక వైపు పాటకి, మిగతా సగం రెండో వైపు పాటకి. ఏ ముక్క కోసినా రెండు వైపులూ కోసినట్టే. మొదటి వైపు రెండో పాట ఉన్నచోటే, దాని పక్కనే, రెండో వైపు చివరి పాట అయిపోతుంది. ఇది ఈ పనిలో చేరిన మొదటి రోజు ఎవరైనా నేర్పే సంగతి. నాకు తట్టనే లేదు.

కాస్త వెనక్కి తిప్పి చివరి పాట దగ్గర ఆపి మీట నొక్కాను. పాట స్పష్టంగా నడిచింది. తర్వాత గరగర. పాట ఆఖరి చప్పుడు దూరంగా సన్నగిల్లింది. బయట రోడ్డు మీద ఆటో ఏదో వెళ్ళింది, అది మా రోడ్డుదో వాళ్ళ ఊరిదో నాకు తెలియలేదు. అప్పుడు అతను, ఈసారి కసురు లేకుండా, పని ముగించుకున్నవాడి గొంతుతో అన్నాడు.

"అయిపోనాది. ఇంక మాటాడుకోండి."

నేను మీట ఆపలేదు.

టేపు చివరిదాకా తిరిగి టక్కున ఆగింది. ఆ చివర ఇంకా ఐదారు నిమిషాలు ఖాళీ ఉంది. ఆమె అది కూడా గమనించింది.

"అక్కడ నీ పాట ఏటీ ఎయ్యకు" అంది. వెయ్యనమ్మా అన్నాను.

క్యాసెట్ బయటికి తీసి, రెక్కలు విరుద్దామని స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆమె చెయ్యి చాపింది.

"ఇలగియ్యి. నాను ఇరుత్తాను."

ఇచ్చేశాను. చేపల పొలుసులు ఇంకా అంటుకుని ఉన్న బొటనవేలి గోటితో ఒక రెక్క, తర్వాత రెండో రెక్క పుటుక్కున విరిచింది. ఆ రెండు ముక్కలూ నా ముందు కౌంటర్ మీద పెట్టి, క్యాసెట్ కొంగున ముడేసుకుని, గంప ఎత్తుకుని బస్సుకి వెళ్ళిపోయింది.